ఫ్రాన్స్‌లోని క్రూజ్ జిల్లాలో పాత రాతి ఫార్మ్‌హౌస్: సంతకానికి ముందు ఏ షరతులు రాయించాలి?

ఫ్రాన్స్ పల్లెల్లో పాత ఇల్లు కొన్నవాళ్లు, సున్నం పని తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. కొనాలనుకుంటున్న ఇల్లు 1949కి ముందుది. గ్రానైట్ గోడలు, 60 సెంటీమీటర్ల మందం. పక్కన పశువుల కొట్టం, వెనక గడ్డినేల.

అసలు బెంగ గోడ గురించే. బయట సిమెంటు ప్లాస్టరింగ్ చేశారు. లోపల నేల నుంచి మీటరు ఎత్తు దాకా చెమ్మ; గోటితో గీకితే పొడి రాలుతోంది, తెల్లటి ఉప్పు అంటుతోంది. రాళ్ల మధ్య ఉన్నది మట్టీ సున్నమే, కింద తడి ఆపే పొర లేదు. సిమెంటు బయటికి ఆరనివ్వక తడి లోపలికి మళ్లుతోంది. సిమెంటంతా చెక్కేసి, ఎన్‌హెచ్‌ఎల్ 3.5 (నీటితో గట్టిపడే సహజ సున్నం; అంకె పెరిగితే గట్టిదనం ఎక్కువ) ఒక పాలుకి ఇసుక మూడు పాళ్లు కలిపి పూయాలని ఆలోచన. ఎన్‌హెచ్‌ఎల్ 2 మేలా? చెక్కాక ఎన్నాళ్లు ఆరనివ్వాలి? చెమ్మ ఆపడానికి గోడలోకి ఎక్కించే ఇంజెక్షన్ మందులు వద్దు, వాటి మీద నమ్మకం లేదు.

సెప్టిక్ ట్యాంకు నిబంధనల ప్రకారం లేదని స్పాంక్ (సెప్టిక్ ట్యాంకులు తనిఖీ చేసే స్థానిక ప్రభుత్వ విభాగం) రిపోర్టు. కొన్న ఏడాదిలోపు బాగుచేయించాల్సింది కొన్నవాళ్లే కదా, ఆ ఖర్చు ధరలో తగ్గిస్తారా?

కొంప్రోమి (అమ్మకానికి ముందు రాసుకునే ఒప్పందం) మీద సంతకమయ్యాక వెనక్కి తగ్గడానికి 10 రోజులే. తర్వాత షరతు లేకుండా తప్పుకుంటే డిపాజిట్ పోతుంది. కొట్టాన్ని ఇల్లుగా మార్చే అనుమతి రాకపోతే బేరం రద్దు అని రాయిస్తే అమ్మేవాళ్లు ఒప్పుకుంటారా? గడ్డినేల ఉంది కాబట్టి సఫేర్ (సాగుభూమి అమ్మితే ముందుగా తానే కొనే హక్కున్న సంస్థ) జవాబుకి 2 నెలల దాకా ఎలాగూ ఆగాల్సి రావచ్చు. నోటేర్ (అమ్మకం పత్రాలు రాసి రిజిస్టర్ చేయించే న్యాయాధికారి) ఇద్దరికీ ఒకరే చాలా, మనకు వేరేగా పెట్టుకోవాలా?