బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్లకు ఆభా నంబరు వల్ల వైద్యం నిజంగా మెరుగుపడుతుందా?

ప్రశ్న (అడిగినవారు: కరీంనగర్ వాసి)

మా నాన్నగారికి 67 ఏళ్లు. అమ్మతో కలిసి ఊళ్లోనే ఉంటారు. చాలా ఏళ్లుగా బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. కొన్నాళ్లు పీహెచ్‌సీలో, కొన్నాళ్లు పట్నంలోని ప్రైవేటు డాక్టరు దగ్గర, మధ్యలో ఒకసారి పెద్దాసుపత్రిలో చూపించుకోవడంతో చీటీలన్నీ ఒక సంచిలో పోగుపడ్డాయి. ఏ మందు ఎప్పుడు, ఎందుకు మార్చారో ఎవరికీ అంతుపట్టడం లేదు. ఈమధ్య ఒక కొత్త డాక్టరు, నాన్నగారు అప్పటికే వేసుకుంటున్న మందునే వేరే కంపెనీ పేరుతో మళ్లీ రాశారు. మందుల షాపాయన గుర్తుపట్టి చెప్పకపోతే రెండూ వేసుకునేవారు. మా ఊరి ఆశా కార్యకర్త 14 అంకెల ఆభా (ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్, అంటే ఆరోగ్య ఖాతా) నంబరు చేయించి కార్డు ఇచ్చి వెళ్లారు గానీ, దాని గురించి ఆసుపత్రిలో ఇంతవరకు ఎవరూ అడగలేదు. దీన్ని ఎలా వాడుకోవాలో, నాన్నగారి వివరాలు ఎవరి చేతికి పోతాయో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (పీహెచ్‌సీ వైద్యాధికారి)

ఆభా నంబరు ఇచ్చే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ విస్తరించారు. ఇందులో రోగి రికార్డులన్నీ తీసుకెళ్లి ఒకేచోట కుప్పపోసే ఏర్పాటు లేదు. ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రి సర్వర్‌లోనే ఉంటుంది, ఆభా నంబరు వాటిని ఒకే మనిషివిగా కలుపుతుంది, రోగి అనుమతిస్తేనే ఒకచోటి రికార్డు మరొకచోటి డాక్టరుకు కనిపిస్తుంది. కాబట్టి నాన్నగారు వెళ్లే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ఈ వ్యవస్థతో అనుసంధానం కాకపోతే, కార్డు ఉన్నా అందులో చూడడానికి ఏమీ ఉండదు. మీకు ఎదురైంది అదే అయి ఉండవచ్చు.

అయితే బీపీ విషయంలో డిజిటల్ రికార్డు ఏం చేయగలదో కళ్లారా చూసిన అనుభవంతో ఒక మాట చెబుతాను. 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ (బీపీని అదుపులో ఉంచే కార్యక్రమం) తొలి విడతలో పంజాబ్, మధ్యప్రదేశ్, కేరళ, మహారాష్ట్రలతో పాటు తెలంగాణ కూడా ఉంది. అందులో లెక్క చాలా కచ్చితంగా ఉంటుంది. రోగి లెక్క చూసే మూడు నెలల్లో వచ్చి కొలిపించుకున్న బీపీ 140/90 కన్నా తక్కువ ఉంటేనే అదుపులో ఉన్నట్టు. అసలు రాని మనిషిని ‘బాగానే ఉన్నాడు’ అనుకోవడానికి వీల్లేదు, అతన్ని వేరుగా లెక్కిస్తారు. పాత రిజిస్టరులో వచ్చినవాళ్ల పేర్లే కంటికి కనిపించేవి. ఇప్పుడు రావలసిన తేదీ దాటినా రానివాళ్ల జాబితా కావాలంటే తెర మీద ఒక్క నొక్కు చాలు. దాన్ని చూసి స్టాఫ్ నర్సు ఫోన్ చేస్తుంది, ఫోన్ కలవకపోతే ఆశా కార్యకర్త ఇంటికి వెళుతుంది. బీపీకి వైద్యం తప్పిపోయేది ఎక్కువగా ఇక్కడే, మందు ఆపేసి ఇంట్లో కూర్చున్న మనిషి దగ్గర. అందుకే నా దృష్టిలో ఆ జాబితా కార్డు కన్నా విలువైనది.

ఇంకో సంగతి. ఏ కేంద్రం లెక్కలు నమ్మదగినవో తెలుసుకోవాలంటే బీపీ అంకెల చివర చూడండి. వరసగా 130/80, 140/90, 120/80 అని అన్నీ సున్నాతోనే ముగిశాయంటే అవి సరిగ్గా కొలిచినవి కాకపోవచ్చు. డిజిటల్ బీపీ యంత్రంతో కొలిస్తే 137/86, 142/91 వంటి అంకెలు తప్పక కనిపిస్తాయి. అంచనాగా రాసిన అంకెను కంప్యూటర్‌లోకి ఎక్కించినంత మాత్రాన అది నిజమైపోదు, పైగా 148 ఉన్న మనిషికి 130 అని రాస్తే మందు పెంచవలసిన అవసరమే డాక్టరుకు కనిపించదు.

జవాబు (హైదరాబాద్‌లో ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ పని చేసేవారు)

డాక్టరుగారు చెప్పినదానికి సాంకేతిక వైపు నుంచి కొంత చేరుస్తాను. ఒక ఆసుపత్రి మీ రికార్డు కోరినప్పుడు ఫోనులోని ఆభా యాప్‌లో అనుమతి అభ్యర్థన వస్తుంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ రకం రికార్డులు, ఎంతకాలం చూడవచ్చు అన్నవన్నీ అందులో ఉంటాయి. వాటిని తగ్గించవచ్చు, నిరాకరించవచ్చు, ఒకసారి ఇచ్చిన అనుమతిని తర్వాత ఉపసంహరించుకోవచ్చు కూడా. చదవకుండా ‘సరే’ నొక్కవద్దని నా మనవి.

ఇంకా తీరని ఇబ్బంది ఒకటుంది. చాలాచోట్ల చీటీని స్కాన్ చేసి బొమ్మగా ఎక్కిస్తున్నారు. మనిషి దాన్ని చదవగలడు కానీ, గత మూడేళ్లలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) ఎలా పెరుగుతూ వచ్చిందో ఆ బొమ్మల నుంచి సాఫ్ట్‌వేర్ గీత గీసి చూపలేదు, ఒకే మందు రెండు పేర్లతో ఉందని హెచ్చరించనూ లేదు. అంకె అంకెగా, మందు దాని జెనెరిక్ పేరుతో (కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరుతో) నమోదైనప్పుడే అది సాధ్యం.

అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి స్మార్ట్‌ఫోన్ లేదు, ఆధార్‌కు జతచేసింది నా నంబరు. నేనేమో బెంగళూరులో ఉంటాను. అప్పుడు ఏం చేయాలి?

జవాబు (ఏఎన్‌ఎం)

మా సబ్ సెంటర్ పరిధిలో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయండీ. ఓటీపీ కొడుకు ఫోనుకు పోతుంది, ఆయన డ్యూటీలో ఉంటాడు, ఇక్కడ పెద్దాయన లైన్లో నిలబడి ఉంటారు. కాబట్టి ముందు మీరు పీహెచ్‌సీ రికార్డులో ఫోన్ చేయడానికి మీ అమ్మగారి నంబరో, పక్కింటివాళ్లదో రాయించండి. తారీఖు దాటితే మేము చేసేది ఆ నంబరుకే. యాప్ మీ ఫోనులోనే పెట్టుకోవచ్చు గానీ, అనుమతి ఇచ్చే ముందు నాన్నగారికి ఫోన్ చేసి చెప్పండి, ఆ వివరాలు ఆయనవి కదా. ఇక ఆ సంచిలోని చీటీలను తేదీల వరసలో పేర్చి, ఇప్పుడు వేసుకుంటున్న మందుల జెనెరిక్ పేర్లు, మోతాదు, మొదలుపెట్టిన నెల ఒక తెల్లకాగితం మీద రాసి పంపండి. ఏ ఆసుపత్రికి వెళ్లినా నాన్నగారు ఆభా కార్డుతో పాటు ఆ కాగితమూ చూపించాలి. మా పీహెచ్‌సీలో నెలకు సరిపడా మందులు ఒకేసారి ఇస్తున్నాం. మళ్లీ రావలసిన తేదీని స్ట్రిప్ మీద పెన్నుతో రాసి ఇమ్మని అడిగితే రాసి ఇస్తాం.