అన్నీ కొంచెం కొంచెం నేర్చుకుంటే ఎట్లన్నా?

బోరుబావి_బిట్లు (అనంతపురం): డిప్లొమా అయినాక ఇంట్లోనే ఏదో ఒకటి తయారుచేస్తా నేర్చుకుంటున్నా. మొదట నాయన మోటారు ఫోన్‌తో ఆన్ అయ్యేటట్టు చేసినా. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చూసొచ్చి గోడోట్ అనే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో ఒక ఆట మొదలుపెట్టినా, సగంలో ఉంది. ఇప్పుడు శనక్కాయ చేనుకు తేమ సెన్సర్. దానికి వాడే ఈఎస్పీ32 అనే చిన్న చిప్పు బోర్డులో వైఫై ఆన్ చేస్తే 25వ పిన్ను రీడింగే ఇయ్యదు, మూడు రోజులు తల పగిలింది. మా మామేమో ‘ఏదన్నా ఒకటి పట్టుకోరా’ అని ఒకటే పోరు.

సోల్డరు_పొగ (కర్నూలు): వైఫై నడిచేటప్పుడు ఏడీసీ2 (సెన్సర్ వోల్టేజీని అంకెగా మార్చే రెండో భాగం) పిన్నులు చదవవు తమ్ముడూ. 25 అందులోదే. తీగ 34కు మార్చు. సెన్సర్ రెండు కాళ్లదా? ఎప్పుడూ కరెంటు ఇస్తే కాళ్లు తినుకుపోతాయి. చదివేటప్పుడు మాత్రమే ఇయ్యి.

కడప_కారం: మామ మాట పక్కన పెట్టు, ఆ ఆట ఎందుకు ఆగిపోయింది?

బోరుబావి_బిట్లు: బొమ్మ చెయ్యి ఊపితే భుజం నుంచి ఊడొస్తాంది అక్కా.

కడప_కారం: తోలుబొమ్మకు దారం ముడి యాడ ఏస్తారు? కీలు దగ్గర. నీ బొమ్మలో తిరిగే బిందువు చెయ్యి మధ్యలో ఉన్నట్టుంది. భుజం మీదికి జరుపు.

బోరుబావి_బిట్లు: రెండూ కుదిరినాయి! 34లో ఎండుమట్టికి 2900, నీళ్లు పోస్తే 1400 చూపిస్తాంది. మామ చూసి, వాళ్ల మోటారుకూ పెట్టమంటున్నాడు. ఊరికేనంట.