బడి మూసివేతపై పిల్లల నాటకం: గేటు సీను ఎలా వేయాలి?

అందరికీ నమస్కారం. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 కింద 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపినప్పుడు చాలా ఊళ్లలో పిల్లలు, తల్లిదండ్రులు రోడ్డెక్కారు కదా. ఆ నేపథ్యంలో మా తొమ్మిదో తరగతి పిల్లలు ఒక నాటకం రాసుకున్నారు. తమ్ముళ్లు, చెల్లెళ్ల బడి కోసం అక్కలు, అన్నలు పోరాడే కథ. పంద్రాగస్టుకి బడి ఆవరణలోనే వేస్తాం. తెర లేదు, ఉన్నది ఒక్కటే మైకు.

చిక్కంతా గేటు సీనుతోనే. అందరూ ఒక్కసారి నినాదాలు అందుకుంటే, "హైవే దాటి మా చెల్లి ఒక్కతే ఎలా వెళ్తుంది సార్?" అని ఎంఈవోని (మండల విద్యాధికారిని) అడిగే అమ్మాయి మాట వినబడటం లేదు. నాటకానికి ప్రాణం ఆ మాటే. డప్పు దెబ్బతో నినాదాలు ఆపించాలా, గుంపును బొమ్మల్లా నిలబెట్టేయాలా? ఎంఈవోని విలన్‌గా చూపించడం కూడా నాకిష్టం లేదు, ఆయనా పైనుంచి వచ్చిన ఆర్డర్ అమలు చేసే మనిషే. వీధి నాటకాలు వేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.