అప్‌డేట్: డోరియన్ గ్రేకి ముసలితనం భయం ఎవరు పెట్టారు?

"ఆస్కార్ వైల్డ్ నవల 'ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే'లో అందగాడైన కుర్రాడు డోరియన్‌కి ముసలితనం అంటే భయం ముందునుంచే ఉందా, అతని స్నేహితుడు లార్డ్ హెన్రీ ఎక్కించాడా?" అని అడిగాను కదా. ఎక్కువమంది హెన్రీ పేరే చెప్పారు. దాంతో ఆ నవల, 1891 నాటి 20 అధ్యాయాల ప్రతి, మళ్ళీ చదివాను.

మీరన్నదే నిజం. అంతకుముందు, అతని బొమ్మ గీసిన చిత్రకారుడు బేసిల్ అతని అందాన్ని ఎంత పొగిడినా డోరియన్ నవ్వేసి మర్చిపోయేవాడు. యవ్వనం నాలుగు రోజుల ముచ్చటని హెన్రీ తోటలో నూరిపోశాకే, తన బొమ్మను చూసి తనే కుళ్ళుకుంటాడు. తన బదులు ఆ బొమ్మే ముసలిదైపోవాలని కోరుకుంటాడు, ఆ కోరిక నిజమవుతుంది.

నన్ను కదిలించింది మాత్రం ఏడో అధ్యాయం. తను ప్రేమించిన నటి సిబిల్ వేన్‌ను ఛీకొట్టి ఇంటికొస్తే బొమ్మలో ముడతా లేదు, తెల్లవెంట్రుకా లేదు. నోటి దగ్గర కాస్త క్రూరత్వం, అంతే. వయసు కంటే ముందు చేసిన పనే ముఖానికెక్కింది! పదమూడులో బేసిల్ చూసేసరికి జుట్టు పలచబడినా అందులో ఇంకా కొంచెం బంగారు రంగు మిగిలే ఉంటుంది. ఆ మిగిలిందే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

డికెన్స్ నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లోని మిస్ హావిషామ్‌ని గుర్తుచేసినవారికి థాంక్స్. గడియారాలు ఆపేసి, పెళ్ళిబట్టల్లోనే ముసలిదైపోయిన మనిషి. తర్వాత చదివేది ఆ నవలే.