నెలవంకను కంటితో చూడాలా, గణితంతో నిర్ణయించాలా?

నెలవంక (చర్చ ప్రారంభించినవారు):

రంజాన్ నెల ఎప్పుడు మొదలవుతుందో, ఈదుల్ ఫితర్ ఏ రోజు వస్తుందో చాంద్రమాసం 29వ నాటి సాయంత్రం పడమటి ఆకాశం వైపు చూసి తేల్చుకునే పద్ధతిని ఇక విడిచిపెట్టి, ఖగోళ గణితం ఆధారంగా ముందుగానే ప్రకటించాలన్నది నా వాదన.

ఆ నెలలో ఉన్నవారు ఉపవాసం పాటించాలని ఖురాన్ రెండవ సూరా 185వ ఆయతు ఆదేశిస్తుంది. నెల మొదలైందని ఎలా తెలుసుకోవాలో ఆ ఆయతు చెప్పదు. ఆ విధానం హదీసుల (ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనాల) నుంచి వచ్చింది. నెలవంకను చూసి ఉపవాసాలు ప్రారంభించండి, చూసి విరమించండి, మబ్బు కమ్మితే ముప్పై రోజులు పూర్తి చేయండి అన్న ప్రవక్త (స) బోధ బుఖారీ, ముస్లిం అనే పండితుల హదీసు సంకలనాలు రెండింటిలోనూ ఉంది. వాటిలోనే మరో హదీసు కూడా ఉంది. మనం రాతకోతలు, లెక్కలు తెలియని సమాజం అని చెబుతూ, నెల ఒకప్పుడు 29 రోజులు, ఒకప్పుడు 30 రోజులు ఉంటుందని ఆయన చేతివేళ్లతో చూపారు. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడు, కంటితో చూడాలన్న ఆదేశానికి కారణం లెక్క తెలియకపోవడమేనని, ఆ కారణం తొలగిపోయాక గణితాన్నే అనుసరించాలని ఈజిప్టుకు చెందిన హదీసు పండితుడు అహ్మద్ ముహమ్మద్ షాకిర్ 1939లో వాదించారు. ఉత్తర అమెరికా ఫిఖ్హ్ (ఇస్లామీయ ధర్మశాస్త్ర) మండలి 2006లో గణితాన్ని స్వీకరించింది. తుర్కియే (టర్కీ) అంతకు చాలా ముందునుంచే ఆ మార్గంలో ఉంది.

ఐదు పూటల నమాజు వేళలను మనం అచ్చువేసిన పట్టికల్లో చూసుకుంటున్నాం. మధ్యాహ్నపు నమాజు జొహర్ కోసం ఎవరూ పుల్లను పాతి నీడను కొలవడం లేదు, ఉపవాసానికి ముందు తినే సహర్ ముగింపు కోసం ఎవరూ తూర్పున తెల్లని గీతను వెతకడం లేదు. సూర్యుని విషయంలో ఆమోదించిన గణితాన్ని చంద్రుని విషయంలో ఎందుకు తిరస్కరించాలి?

దక్కనీ:

నమాజుతో మీరు తెచ్చిన పోలిక కొత్తది కాదు. దానికి జవాబు పదమూడవ శతాబ్దంలోనే మాలికీ సంప్రదాయపు న్యాయవేత్త అల్ ఖరాఫీ ఇచ్చారు. నమాజు విధి కావడానికి కారణం సూర్యుడు ఫలానా స్థానానికి చేరడమే కాబట్టి, చేరాడని ఏ మార్గంలో తెలిసినా సరిపోతుంది. ఉపవాసం విధి కావడానికి కారణం మాత్రం చంద్రుడు ఆకాశంలో ఉండడం కాదు, కనబడడం. హదీసులోని మబ్బు ప్రస్తావన దీన్నే నిరూపిస్తుంది. మబ్బు వెనుక నెలవంక ఉండే అవకాశం పూర్తిగా ఉన్నప్పటికీ దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ముప్పై పూర్తి చేయమన్నారంటే, ఉనికికి, దర్శనానికి మధ్య తేడాను షరియత్ కావాలనే పాటించిందన్న మాట.

షాకిర్ గారి వాదనలో మరో ఇబ్బంది కూడా ఉంది. లెక్క తెలియని సమాజం అన్న మాటను అధిక సంఖ్యాక ఉలమా (ధర్మపండితులు) లోపాన్ని చెప్పే వాక్యంగా కాక సౌలభ్యాన్ని చెప్పే వాక్యంగా అర్థం చేసుకున్నారు. ఎడారిలోని పశువుల కాపరి, నడిసముద్రంలోని నావికుడు ఏ నిపుణుడి మీదా ఆధారపడకుండా తన ఆరాధన కాలాన్ని తానే తెలుసుకోగలగడం ఈ ధర్మం ఇచ్చిన స్వేచ్ఛ. దాన్ని ఒక కార్యాలయానికి అప్పగించడం పురోగతి అని నేను అనుకోవడం లేదు.

ఖగోళాసక్తుడు:

నేను ముస్లింను కాను. ధర్మశాస్త్ర విషయంలో ఏమీ చెప్పను. అయితే మీరిద్దరూ గణితం అన్న ఒక్క మాటతో రెండు వేర్వేరు విషయాలను ప్రస్తావిస్తున్నందువల్ల కొంత వివరణ అవసరమనిపించింది.

సూర్యచంద్రులు ఒకే రేఖాంశానికి వచ్చే అమావాస్యాంత క్షణాన్ని నేడు అత్యంత కచ్చితంగా లెక్కించగలం. అందులో వివాదానికి తావు లేదు. కానీ ఆ క్షణాన నెలవంక కంటికి కనబడదు. చంద్రుడు సూర్యుని నుంచి దాదాపు 7 డిగ్రీలు దూరం జరిగేదాకా వంక ఏర్పడినట్లే కనిపించదని ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు ఆంద్రే దాంజొన్ 1930లలో ప్రతిపాదించారు. అమావాస్య ముగిసిన 15న్నర గంటలకే 1990లో స్టీఫెన్ ఒమీరా ఒట్టి కంటితో వంకను చూడగలగడం అరుదైన సంఘటన. అదే 2013 జులైలో థియెరీ లెగో సరిగ్గా అమావాస్యాంత క్షణానే, పట్టపగలు, ప్రత్యేక సాధనాలతో వంకను ఫొటో తీశారు. అంటే సాధనాన్ని అనుమతించిన మరుక్షణం కనబడడం అన్న ప్రమాణమే కరిగిపోతుంది.

అందుకే గణితాన్ని స్వీకరించినవారు ఒక ప్రమాణాన్ని ఎంచుకోవలసి వస్తుంది, ఆ ఎంపిక మాత్రం ఖగోళశాస్త్రం చేసేది కాదు. సూర్యాస్తమయాన చంద్రుని ఎత్తు 5 డిగ్రీలు, సూర్యుని నుంచి కోణదూరం 8 డిగ్రీలు భూమిపై ఎక్కడ ఏర్పడినా చాలన్నది 2016 ఇస్తాంబుల్ సదస్సు ప్రమాణం. ఇండోనేషియా, మలేషియా, బ్రూనై, సింగపూర్ దేశాలు తమ ప్రాంతంలో 3 డిగ్రీల ఎత్తు, 6.4 డిగ్రీల కోణదూరం చాలన్నాయి. ఇండోనేషియాలోని ముహమ్మదియా సంస్థ చాలాకాలం పాటు, అమావాస్య ముగిశాక చంద్రుడు సూర్యుని కంటే కొంచెం ఆలస్యంగా అస్తమిస్తే చాలనే లెక్కను పాటించింది. ఫలితంగా 2023లో ఆ సంస్థ ఏప్రిల్ 21న, ప్రభుత్వం ఏప్రిల్ 22న ఈద్ ప్రకటించాయి. అక్కడ ఇరువర్గాలకూ చంద్రుడు ఎక్కడున్నాడో బాగా తెలుసు.

పంచాంగ పాఠకుడు:

పైన చెప్పినది తెలుగు హిందువులకు అనుభవంలో ఉన్న విషయమే. మన పండుగలన్నీ గణితం మీదే నడుస్తాయి, తిథిని ఆకాశంలో చూసి నిర్ణయించేవారు ఎవరూ లేరు. అయినా ఒక పంచాంగంలో ఒక రోజు, మరో పంచాంగంలో మరో రోజు పండుగ రావడం, పీఠాలు, ఆలయాలు వేర్వేరు రోజులను ప్రకటించడం తరచూ చూస్తున్నాం. సూర్యసిద్ధాంతాన్ని అనుసరించే పూర్వ పద్ధతికి, ఆకాశంలోని నిజస్థితికి సరిపోయేలా సవరించిన దృక్సిద్ధ పద్ధతికి మధ్య తిథి ముగింపు కొన్ని గంటలు తేడా పడుతుంది. ఆ తేడా సూర్యోదయానికి అటూ ఇటూ పడిందంటే పండుగ మారిపోతుంది.

పూర్వ పద్ధతివారు బాణవృద్ధి రసక్షయం అనే నియమాన్ని చూపుతారు. తిథి నిడివి అరవై ఘడియల కంటే ఐదు ఘడియలకు మించి పెరగకూడదు, ఆరు ఘడియలకు మించి తగ్గకూడదు. దృక్ గణితంలో ఏడు వరకూ పెరుగుదల, పది వరకూ తరుగుదల వస్తాయి. శ్రాద్ధాది కర్మలకు ధర్మశాస్త్రాలు చెప్పిన కాలనిర్ణయం మొదటి లెక్కను దృష్టిలో పెట్టుకుని చేసినదని, దాన్ని మారిస్తే ఆ నిర్ణయాలు పొసగవని వారి వాదం. అయితే గ్రహణాల విషయానికి వచ్చేసరికి వారిలోనూ అనేకులు దృక్ గణితాన్నే తీసుకుంటారు, ఎందుకంటే గ్రహణం చెప్పిన వేళకు పట్టకపోతే వీధిలోని పిల్లవాడికి కూడా తెలిసిపోతుంది. నేను దృక్ పక్షపాతిని కాబట్టి ఈ మినహాయింపు నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది.

మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం ఆధునిక గణితాన్ని సిఫారసు చేసింది, 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. ప్రభుత్వం అచ్చువేయగలిగింది గాని గృహస్థులకు, పురోహితులకు ఆజ్ఞాపించలేకపోయింది. నెలవంక గారూ, గణితంలోకి మారితే ఏకత్వం వస్తుందని మీరు ఆశిస్తున్నట్లయితే మా సంగతి చూసి ఆ ఆశను కొంత తగ్గించుకోమని మనవి.

గుంటూరు వాసి:

ఈస్టర్ విషయం కూడా ఇక్కడ చెప్పాలి. యూదుల పస్కా నాటి చంద్రుని ప్రకారం జరుపుకోవాలా, తప్పక ఆదివారమే జరుపుకోవాలా అని తొలి క్రైస్తవులు తీవ్రంగా వాదించుకున్నారు. అందరూ ఒకే ఆదివారం జరుపుకోవాలని 325లో నైసియా సభ తీర్మానించింది. తర్వాత స్థిరపడిన నియమం ప్రకారం మార్చి 21న గాని ఆ తర్వాత గాని వచ్చే పౌర్ణమి తరువాతి ఆదివారం ఈస్టర్. ఆ పౌర్ణమి ఆకాశంలోనిది కాదు, పట్టికలోనిది. 1582లో పోప్ గ్రెగరీ అక్టోబరు 4 తర్వాతి రోజును అక్టోబరు 15గా మార్చి, పట్టికలను సవరించాడు. ప్రాచ్య సనాతన సంఘాలు చాలావరకు పాత పట్టికల్లోనే ఉండిపోయాయి. 2024లో పాశ్చాత్య సంఘాలకు మార్చి 31న, వారికి మే 5న ఈస్టర్ వచ్చింది, 2025లో రెండూ ఏప్రిల్ 20న కలిశాయి. యెరూషలేము రేఖాంశం వద్ద నిజమైన ఖగోళ గణనతో ఒకే తేదీని నిర్ణయించాలని 1997లో అలెప్పోలో జరిగిన సంప్రదింపుల సభ ప్రతిపాదించింది. అది నేటికీ అమలు కాలేదు. ఎవరికీ లెక్క రాక కాదు, ఎవరి లెక్కను ఎవరు అంగీకరించాలన్నదే అడ్డంకి.

నెలవంక:

పంచాంగ పాఠకుడు గారు, గుంటూరు వాసి గారు చూపినవి గణితం పనికిరాదనడానికి నిదర్శనాలు కావు. గణితాన్ని ప్రకటించే అధికారం ఎవరిదో తేలకపోతే ఏమవుతుందో అవి చూపుతున్నాయి. ఈ చర్చలో అసలు ప్రశ్న అదేనని నాకు అనిపిస్తోంది.

యూదుల చరిత్రలో దీనికి స్పష్టమైన ఉదాహరణ ఉంది. నెలవంకను చూసినవారు న్యాయసభ ముందు సాక్ష్యం చెప్పడం, పెద్దలు వారిని ప్రశ్నించి నెలను ప్రకటించడం, కొండల మీద మంటలు వెలిగించి దూరప్రాంతాలకు తెలియజేయడం వారి ప్రాచీన ధర్మసంకలనం మిష్నాలో వివరంగా ఉన్నాయి. ఒకసారి అసాధ్యంగా కనిపించిన సాక్ష్యాన్ని రబ్బాన్ గమలీయేలు అంగీకరించాడు. రబ్బీ యెహోషువ దాన్ని తప్పుపట్టాడు. అప్పుడు గమలీయేలు, యెహోషువ లెక్క ప్రకారం ప్రాయశ్చిత్త దినమైన రోజున చేతికర్రతో, డబ్బుతో తన వద్దకు రమ్మని ఆజ్ఞాపించాడు. ఆ పవిత్ర దినాన అవి పట్టుకుని ప్రయాణం చేయడం నిషిద్ధం. యెహోషువ వెళ్లాడు. గమలీయేలు లేచి అతని తలను ముద్దాడి, జ్ఞానంలో నువ్వు నా గురువువు, నా మాట మన్నించినందుకు నా శిష్యుడివి అన్నాడు. తరువాతి కాలంలో, సంప్రదాయం ప్రకారం నాలుగవ శతాబ్దంలో రెండవ హిల్లేలు హయాంలో, యూదులు 19 ఏళ్ల చక్రంలో 7 అధిక మాసాలుండే స్థిర గణితానికి మారారు. కరాయితులు అనే యూదు వర్గంవారు దాన్ని ఒప్పుకోక నెలవంకను చూడడమే కొనసాగించారు.

ఇస్లాంలోనూ ఇటువంటి సమాజం మన మధ్యే ఉంది. షియా వర్గానికి చెందిన దావూదీ బొహ్రాలు ఫాతిమీ ఖలీఫాల కాలం నుంచి వచ్చిన స్థిర పట్టికను పాటిస్తారు. అందులో 30 ఏళ్లలో 11 సంవత్సరాలకు 355 రోజులు, మిగిలినవాటికి 354 రోజులు ఉంటాయి. వారి రంజాన్ తరచూ ఒకటి రెండు రోజులు ముందే వస్తుంది, అయినా వారిలో వారికి పేచీ లేదు, ఎందుకంటే వారికి ఒకే దాయీ (మతగురువు) ఉన్నారు. సున్నీలకు అటువంటి ఏకైక పీఠం లేదు. భారతదేశంలో నెలవంక కమిటీలు ఊరూరా ఉన్నాయి, వాటిలో ఏదీ ప్రభుత్వానిది కాదు. కేరళ ఎన్నోసార్లు మిగతా దేశం కంటే ఒక రోజు ముందే పండుగ చేసుకుంటుంది.

దక్కనీ:

అందరూ ఒకే రోజు చేసుకోవాలన్న పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పండి. పైన చెప్పిన ముస్లిం సంకలనం సహీహ్ ముస్లింలోని కురైబ్ అనే వ్యక్తి ఉదంతాన్ని గుర్తుచేస్తాను. ఆయన సిరియాలో శుక్రవారం రాత్రి నెలవంకను చూసి, నెలాఖరుకు మదీనా చేరుకుని ఆ మాట ప్రవక్త సహచరుడైన ఇబ్న్ అబ్బాస్‌తో చెప్పారు. మేము శనివారం రాత్రి చూశాము, మాకు కనబడేదాకా లేదా ముప్పై పూర్తయ్యేదాకా కొనసాగిస్తాము అని ఇబ్న్ అబ్బాస్ జవాబిచ్చారు. సిరియాలోని పాలకుడు ముఆవియా చూసింది చాలదా అని అడిగితే, చాలదన్నారు, ప్రవక్త (స) మాకు ఇలాగే ఆదేశించారన్నారు. సహాబీల (ప్రవక్త సహచరుల) కాలంలో దమస్కు, మదీనా వేర్వేరు రోజుల్లో ఉపవాసాలు ప్రారంభించాయి, ఎవరి విశ్వాసమూ దెబ్బతినలేదు. మక్కాలో ఈద్ అయిన మర్నాడు హైదరాబాదులో ఈద్ కావడంలో అవమానమేమీ లేదు. పడమటికి వెళ్లేకొద్దీ వంక తేలికగా కనబడుతుందన్నది ఖగోళాసక్తుడు గారు కూడా ఒప్పుకునే విషయమే.

నెలవంక:

రెండు నగరాల మధ్య తేడాను నేనూ తప్పుపట్టడం లేదు. ఒకే వీధిలోని రెండు మసీదుల మధ్య తేడా నన్ను బాధిస్తుంది. ఒక ఇంట్లో అన్న రంజాన్ రాత్రి నమాజైన తరావీహ్‌కు వెళుతుంటే తమ్ముడు పండుగ తక్బీర్ చదవడం కురైబ్ ఉదంతంలో లేదు. దినకూలీకి వెళ్లేవారికి, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవారికి పండుగ ఏ రోజో రాత్రి పది గంటలకు తెలియడం వల్ల కలిగే కష్టాన్ని కూడా ధర్మం పట్టించుకోవాలని నా నమ్మకం.

మీ పక్షంలోనే ఒక మధ్యేమార్గం ఉంది. 1355లో మరణించిన షాఫియీ సంప్రదాయపు పండితుడు తఖీయుద్దీన్ అల్ సుబ్కీ, నెలవంక కనబడడం అసాధ్యమని గణితం తేల్చిన రాత్రి ఎవరైనా చూశామని సాక్ష్యం చెబితే ఆ సాక్ష్యాన్ని తిరస్కరించాలన్నారు. గణితం కచ్చితమైనది, సాక్షి పొరబడవచ్చు అన్నది ఆయన హేతువు. దర్శనాన్ని స్థాపించడానికి కాకపోయినా, అబద్ధపు దర్శనాన్ని కొట్టివేయడానికి గణితాన్ని వాడడంలో మీకు అభ్యంతరమేమిటి?

దక్కనీ:

ఆ మేరకు నాకు అభ్యంతరం లేదు. చంద్రుడు సూర్యుని కంటే ముందే అస్తమించిన సాయంత్రం చూశామని వచ్చే కబుర్లను కమిటీలు స్వీకరించకూడదు. అటువంటి రాత్రులు ఏవో సంవత్సరం ముందే అచ్చువేసి మసీదుల్లో అంటించినా నాకు సంతోషమే. కానీ మీరు అక్కడ ఆగేవారు కాదు. కనబడే అవకాశం ఉందని లెక్క చెప్పిన రాత్రి, ఆకాశం నిర్మలంగా ఉండి కూడా, ఊరంతా వెతికినా ఎవరికీ కనబడకపోతే మీరు మర్నాడు ఉపవాసం ఉంటారా, పండుగ చేసుకుంటారా?

నెలవంక:

మన కమిటీ ముప్పై పూర్తి చేయమంటే పూర్తి చేస్తాను. మీరు ఉపవాసం ఉండే రోజే ఉపవాస దినం, మీరు విరమించే రోజే విరమణ దినం అని తిర్మిజీ సంకలనంలో ఉన్న హదీసు సామూహిక సమాజమైన జమాఅత్‌ను ఉద్దేశించినదే. నా లెక్క సరైనదని నేను నమ్ముతున్నంత మాత్రాన ఒంటరిగా ఈద్ చేసుకునే అనుమతి నాకు రాదు. మర్నాడు కమిటీ వద్దకు వెళ్లి, వచ్చే సంవత్సరం లెక్కను ముందుగా పరిశీలించమని మళ్లీ అడుగుతాను.