డీఎక్స్7లోని 32 శబ్దాలను కంప్యూటర్‌లో పూర్తిగా భద్రపరచడం ఎలా?

అందరికీ నమస్కారం. మా మామయ్య పాటకచేరీల్లో వాయించిన యమహా డీఎక్స్7 సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) ఇప్పుడు నా దగ్గర ఉంది. అందులో ఆయన స్వయంగా తయారుచేసుకున్న 32 శబ్దాలున్నాయి. పదకొండోది సన్నాయి. చివర్లో ఊపిరి సన్నగిల్లినట్టు ఆగుతుంది, వింటే ఆయనే ఎదురుగా కూర్చున్నట్టుంటుంది. లోపలి బ్యాటరీ మార్చాలి, తీస్తే ఇవన్నీ చెరిగిపోతాయి. అందుకే ముందుగా వాటిని మిడి (వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే పద్ధతి) ద్వారా, సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ అనే, ఆ కంపెనీ వాయిద్యానికే ప్రత్యేకమైన సందేశంగా కంప్యూటర్‌లోకి తెచ్చుకోవాలని చూస్తున్నాను.

ఈ సందేశం సరిగ్గా 4104 బైట్లు ఉండాలి. హెక్సాడెసిమల్‌లో చెప్పాలంటే మొదట ఎఫ్0, తర్వాత యమహా గుర్తింపు సంఖ్య 43, చివర చెక్‌సమ్ (సమాచారం సరిగ్గా వచ్చిందో లేదో సరిచూసే సంఖ్య), ఎఫ్7. నాకు ఒకసారి 3968, ఇంకోసారి 4031 వచ్చాయి. మొదలూ చివరా బాగానే ఉన్నాయి, మధ్యలోనే బైట్లు జారిపోతున్నాయి. మిడి వేగం సెకనుకు 31250 బిట్లు, ఒక్కో బైటుకు పది బిట్లు పడతాయి, అంటే మొత్తం సుమారు 1.3 సెకన్ల పని. అదే కేబుల్‌తో వాయిస్తే స్వరం ఒక్కటీ తప్పడం లేదు.

నా అనుమానం చవకగా కొన్న యూఎస్‌బీ మిడి కేబుల్ మీదే. దాన్ని మార్చాలా, లేక ప్రోగ్రాములో బఫర్ (వచ్చే బైట్లను తాత్కాలికంగా దాచే చోటు) పెంచితే సరిపోతుందా? ఇలాంటి పాత వాయిద్యం నుంచి శబ్దాలను పూర్తిగా రాబట్టినవారు దయచేసి చెప్పండి. అంతవరకు బ్యాటరీని ముట్టుకోను.