తిమింగలాలు పెరిగితే మన వలలో చేపలు తగ్గుతాయా?

పల్లిపాలెం కుర్రాడు:
మాది అంతర్వేది పక్కన. నాన్న, బాబాయ్ ఇద్దరూ వేటకే వెళ్తారు. మొన్న నిషేధం రోజుల్లో వలలు బాగుచేసుకుంటూ ఉంటే ఒక మాట మీద వాదన పెద్దదైంది. నీలి తిమింగలం రోజుకు టన్నులకు టన్నులు తింటుంది, దాన్ని చంపకూడదని దేశాలన్నీ కట్టడి పెట్టుకున్నాయి, సముద్రంలో చేప కరువవడానికి అదే కారణం అంటాడు బాబాయ్. డీజిల్ డబ్బులు కూడా రాక తిరిగొచ్చిన మనిషి మాట, కొట్టిపారేయలేను. కానీ నమ్మకమూ కుదరట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

కాకినాడ మాస్టారు:
టన్నుల లెక్కన తినడం నిజమే తమ్ముడూ. 2021లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం పసిఫిక్‌లో మేత బాగా దొరికే రోజుల్లో ఒక పెద్ద నీలి తిమింగలం 16 టన్నుల దాకా తింటుంది. అయితే తినేది చేపల్ని కాదు, క్రిల్ అనే వేలెడు కూడా లేని, రొయ్యలాంటి జీవిని. తిమింగలానికి పళ్ళే ఉండవు. పైదవడకి రెండు వైపులా మూడేసి వందల పలకలు వేలాడుతుంటాయి, మన గోళ్ళలో ఉండే పదార్థమే. నోరు తెరిచి గుంపు మీదికి దూకితే గొంతు కింది ముడతలన్నీ విచ్చుకుని సంచిలా ఉబ్బుతుంది, ఆ నీళ్ళని నాలుకతో బయటికి తోస్తే క్రిల్ మాత్రం పలకల కుచ్చుకి చిక్కుతుంది. మీ బాబాయ్ పట్టే వంజరం, చందువా దాని మేత కాదు.

ఆకివీడు చెరువు రైతు:
మాస్టారు చెప్పింది మా బొచ్చె చేప తిండిలాగే ఉందండి. బొచ్చె మొప్పల్లో దువ్వెన పళ్ళలాంటివి ఉంటాయి, నీళ్ళు వదిలేసి సన్నపురుగుని పట్టుకుంటుంది. ఆ పురుగు పెరగాలంటే ముందు నీళ్ళకి ఆకుపచ్చ రంగు తిరగాలి, రంగు తిరగాలంటే పేడా, సూపర్ ఫాస్ఫేట్ ఎరువూ వెయ్యాలి. పొద్దున్నే గట్టు మీద కూర్చుని మోచేతి దాకా చెయ్యి ముంచి చూస్తాం, అరచెయ్యి కనపడుతోందంటే నీళ్ళలో మేత లేనట్టే. తినేది ఎంత అని ఒక్కటే లెక్క వేస్తే ఎలా, తిమింగలం తిరిగి నీళ్ళలోకి వదిలేది కూడా చూడాలి కదా?

కాకినాడ మాస్టారు:
అసలు విషయం మీరే పట్టుకున్నారు. 20వ శతాబ్దంలో దక్షిణార్ధగోళంలో 3 లక్షలకు పైగా నీలి తిమింగలాల్ని చంపేశారు, 1966లో గానీ వాటికి రక్షణ రాలేదు. తినేవాళ్ళు పోయారు కాబట్టి అంటార్కిటికా చుట్టూ క్రిల్ తామరతంపరగా పెరగాలి. పెరగలేదు సరికదా, చాలాచోట్ల తగ్గింది! ఆ సముద్రంలో క్రిల్ తినే సన్న నాచు పెరగడానికి ఇనుము కొరత. తిమింగలం పేడలో చుట్టూ ఉన్న నీటిలో కన్నా దాదాపు కోటి రెట్లు ఎక్కువ ఇనుము ఉంటుంది. ఆ పేడ నీటి పైభాగానే తేలుతుంది, ఎండ తగిలే చోటే. ఎరువు వేసే చెయ్యే ఆగిపోతే చెరువు ఏమవుతుందో మీకు నేను చెప్పాలా. ఈ వివరణ ఇంకా పూర్తిగా తేలలేదనే శాస్త్రవేత్తలూ ఉన్నారు, నాకు మాత్రం నమ్మదగ్గదిగానే ఉంది.

యానాం అక్క:
ఒక్క నిమిషం మాస్టారూ. అంటార్కిటికా లెక్కని తెచ్చి బంగాళాఖాతానికి కట్టెయ్యకండి. ఇక్కడ గోదావరి, కృష్ణ, గంగ నీళ్ళు వచ్చి ఉప్పునీటి మీద తేలికపాటి పొరలా పరుచుకుంటాయి, అడుగున ఉన్న సారం పైకి రాదు. మన ఇబ్బంది అది, ఇనుము కాదు. పైగా మన వైపు నీలి తిమింగలాలు ఎన్నున్నాయని? తిమింగలం వల్ల చేపలు పోతున్నాయనడం ఎంత తప్పో, తిమింగలాలు వస్తే మన వలలు నిండుతాయనడం కూడా అంతే తప్పు. ఇంకోటి, శ్రీలంక దగ్గర తిరిగే నీలి తిమింగలాల పేడ పరీక్షిస్తే ఎక్కువగా దొరికింది క్రిల్ కాదు, ఒక రకం సన్న రొయ్యలు.

పల్లిపాలెం కుర్రాడు:
రొయ్యలా? ఈ మాట బాబాయ్ వింటే ఇంక నన్ను మాట్లాడనివ్వడు అక్కా.

యానాం అక్క:
టైగరూ, వెనామీ కాదు నాన్నా, లోతు నీళ్ళలో ఉండే చిట్టి రొయ్యలు, మన వలలు వాటి దాకా పోవు. బాబాయ్‌ని ఒక్క మాట అడుగు. నీలి తిమింగలాన్ని ఆయన జీవితంలో ఎన్నిసార్లు చూశాడు, దోమతెర లాంటి వలతో పిల్లచేపల్ని ఊడ్చేసే బోట్లని ఎన్నిసార్లు చూశాడు?

ఆకివీడు చెరువు రైతు:
అక్క మాటకి ఒప్పుకుంటాను. మా చెరువుల్లోనూ ఎరువు మోతాదు చెరువుని బట్టి మారుతుంది.

పల్లిపాలెం కుర్రాడు:
అన్నీ చదివి వినిపించాను. బాబాయ్ బోటు లెక్క దగ్గర ఏమీ అనలేదు. నాన్న మాత్రం, చాలా ఏళ్ళ కిందట రేవు కనపడనంత దూరంలో, తెల్లారుజామున నీళ్ళు తాటిచెట్టంత ఎత్తుకి నిటారుగా చిమ్మడం చూశానన్నాడు, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదట. వీపు మీద రెక్క చాలా చిన్నది, బాగా వెనక్కి ఉందట. మాస్టారూ, అది నీలి తిమింగలమేనంటారా?